ఆ ఒక్క శాతం ఎక్కడ పడింది?

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటితే అబ్దుల్లాపూర్‌మెట్. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ ఈ మండలంలోనే ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లు మాహిష్మతి సెట్టు ముందు నిలబడి ఫొటోలు దిగుతుంటారు. తెరమీద మేఘాలను తాకిన ఆ కోట ఇక్కడ కొంత ఎత్తుకు లేచి ఆగిపోతుంది. ఆ పైనున్నదంతా 2015లో, 2017లో వచ్చిన ‘బాహుబలి’ రెండు భాగాల కోసం కంప్యూటర్లలో కట్టింది. చెక్కతో, ప్లాస్టర్‌తో కట్టిన గోడ ఎక్కడ ముగిసిందో, కంప్యూటర్ కోట ఎక్కడ మొదలైందో ప్రేక్షకుడు పట్టుకోలేకపోతే పని కుదిరినట్టు. ఆ అతుకు దగ్గర కూర్చుని పనిచేసేవాళ్ల కోసం, చేయాలనుకుంటున్నవాళ్ల కోసం ఈ అధ్యాయం.

అక్కడి నుంచి నగరం వైపు వెనక్కి వస్తే ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్. మెట్రో దిగగానే కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి వెనక సందుల్లో హాస్టళ్లు. ఎడిటింగ్, వీఎఫ్‌ఎక్స్ నేర్చుకుందామని వచ్చే పిల్లలు మొదట అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందని. ఈమధ్య దానికి ఇంకో ప్రశ్న తోడైంది: ఏఐ వచ్చాక ఆ ఉద్యోగం ఉంటుందా అని. రెండూ న్యాయమైన ప్రశ్నలే గానీ, రెండూ పనిముట్టు చుట్టూనే తిరుగుతున్నాయి. ఈ రంగంలో ఇప్పుడు జరుగుతున్న మార్పును దగ్గరగా చూస్తే నాకు తోచేది వేరు. బొమ్మలో ఏముందో యంత్రం చెప్పగలదు. నూటికి తొంభై తొమ్మిది పాళ్లు సరిగ్గానే చెబుతుంది. తప్పిన ఆ ఒక్క పాలు ఎక్కడ పడిందో, అది కంటికి కనబడే చోట పడిందో లేదో తేల్చడం మీ ఉద్యోగం. అది అదృష్టం కొద్దీ పుట్టుకతో వచ్చే చూపు కాదు. సాధనతో అబ్బుతుంది.

ముందు పని స్వరూపం చూద్దాం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఐదు సెకన్ల షాటంటే 120 ఫ్రేములు. రెండున్నర గంటల సినిమా అంటే 2,16,000. నటుడి వెనక ఉన్న రోడ్డు తీసేసి రాజమందిరం పెట్టాలంటే, గ్రీన్ మ్యాట్ లేకుండా తీసిన షాటైతే, నటుడి చుట్టూ ప్రతి ఫ్రేములో గీత గీసుకుంటూ పోవాలి. దాన్నే రోటో అంటాం. మాక్స్ ఫ్లైషర్ 1915లో పేటెంటుకు దరఖాస్తు చేసిన రోటోస్కోప్ యంత్రం నుంచి వచ్చిన పేరది. ఫైట్ మాస్టర్ కట్టిన రోప్ చెరపడం ఇంకో పని, దాన్ని పెయింట్ అంటాం. కెమెరా ఎటు కదిలిందో లెక్కగట్టి అదే కదలికను కంప్యూటర్ కెమెరాకు ఇవ్వడం మ్యాచ్‌మూవ్. 2012లో ‘ఈగ’ వచ్చినప్పుడు తెరమీది ఈగ అసలు సెట్టులో లేదు. అది టేబుల్ మీద వాలినట్టు మనం నమ్మామంటే కారణం, కెమెరా కదిలిన ప్రతిసారీ ఈగ కూడా ఆ కదలికకు లోబడి టేబుల్‌కే అంటిపెట్టుకుని ఉండటం. ఆ పనికి హైదరాబాద్‌లోని మకుట వీఎఫ్‌ఎక్స్‌కు జాతీయ అవార్డు వచ్చింది.

ఈ పనులన్నింటికీ కింద ఉన్న శాస్త్రమే కంప్యూటర్ విజన్. ఏ పిక్సెల్ ఏ వస్తువుది, అది కెమెరాకు ఎంత దూరంలో ఉంది, తర్వాతి ఫ్రేములో ఎటు జరిగింది, ఇవి యంత్రం తనంతట తాను బొమ్మ నుంచి రాబట్టడం. ఇది నిన్నా మొన్నా పుట్టింది కాదు. కదిలే బిందువులను వెంబడించడానికి లూకాస్, కనాడే పద్ధతి 1981 నాటిది. మ్యాచ్‌మూవ్ సాఫ్ట్‌వేర్‌లు దాని వారసులే. కొత్తగా వచ్చింది వేగం, దాంతోపాటు సులువు. మెటా కంపెనీ 2023లో విడుదల చేసిన సెగ్మెంట్ ఎనీథింగ్ అనే ఏఐ నమూనాకు 1.1 కోట్ల ఫొటోలు, 110 కోట్ల మాస్కులు (వస్తువును వేరుచేసి చూపే ఆకారాలు) చూపించి శిక్షణ ఇచ్చారు. 2024లో దాని రెండో రూపం వీడియోకు వచ్చింది. మనిషి మీద ఒక్క క్లిక్ చేస్తే షాటంతా ఆ మనిషిని వెంబడిస్తుంది. డావించీ రిజాల్వ్‌లో మ్యాజిక్ మాస్క్, న్యూక్‌లో కాపీక్యాట్ వంటి పనిముట్లు అంతకు ముందే వచ్చాయి. 2022 నాటి ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ సినిమాకు చిన్న బృందం వీఎఫ్‌ఎక్స్ చేసింది. అందులో రాళ్ల సన్నివేశానికి రోటో తొందరగా ముగించడానికి వాళ్లు రన్‌వే అనే ఏఐ పనిముట్టు వాడారు. ఆ సినిమా ఆస్కార్ గెలిచింది. కాబట్టి ఇవన్నీ ఆటబొమ్మలని కొట్టిపారేసేవాళ్ల మాట వినకండి.

ఇప్పుడు ఆ ఒక్క శాతం దగ్గరికి వద్దాం. 4కే ఫ్రేములో 4096 నిలువు వరసలు, 2160 అడ్డ వరసలు, అంటే సుమారు 88 లక్షల పిక్సెళ్లు. అందులో ఒక్క శాతం తప్పితే 88 వేల పిక్సెళ్లు. ఆ 88 వేలు నటుడి చొక్కా మధ్యలో పడితే ఒక్క రంగు నింపి సరిచేయొచ్చు. అవే జుట్టు అంచున పడితే షాటు పోయినట్టే. అన్నం తినేవాడు బియ్యంలో రాళ్లెంత శాతమని అడగడు, పంటి కింద పడిందా లేదా అన్నదే చూస్తాడు. పరిశోధకులు నమూనాలను పోల్చేటప్పుడు వాడే కొలత వేరు: యంత్రం గీసిన ఆకారం, మనిషి గీసిన ఆకారం ఎంతమేర కలిశాయన్నది. అది శాస్త్రానికి అవసరమే. కానీ ఆ కొలతలో చొక్కా మీది పిక్సెల్‌కూ జుట్టు చివరి పిక్సెల్‌కూ విలువ ఒకటే. సెగ్మెంట్ ఎనీథింగ్ మొదటి రూపం బొమ్మను పొడవు వైపు 1024 పిక్సెళ్లకు కుదించుకుని, మాస్కును ముందు 256 గళ్ల చతురస్రంలో వేసి, తర్వాత పెద్దది చేస్తుంది. థియేటర్ తెరమీద నుదుటి మీద పడ్డ వెంట్రుకకు ఆ గళ్లలో చోటెక్కడిది?

దానికన్నా లోతైన చిక్కు ఇంకొకటుంది. యంత్రం వెతుకుతున్న అంచు చాలా ఫ్రేముల్లో అసలు ఉండదు. సెకనుకు 24 ఫ్రేములు తీసే కెమెరాలో షట్టర్ మామూలుగా సెకనులో 48వ వంతు సేపు తెరిచి ఉంటుంది. ఆ కాసేపట్లో కత్తి దూసిన చెయ్యి అరచేతి మందాన జరిగిపోతుంది. ఫ్రేములో చెయ్యి ఒకచోట ఉండదు, మసకగా ఒక దారి పొడవునా పరుచుకుని ఉంటుంది. ఆ మసకలో ప్రతి పిక్సెల్ కొంత చెయ్యి, కొంత వెనకున్న గోడ. ఎంత పాలు చెయ్యో చెప్పేదే ఆల్ఫా. ఇందులో ఇది చెయ్యి, ఇది గోడ అని రెండు ముక్కలుగా కోయమంటే ఎవరు కోసినా తప్పే, మనిషైనా యంత్రమైనా. పైగా ఆ గీత ఎక్కడ ఉండాలన్నది పాత బొమ్మను బట్టి తేలేది కాదు, కొత్తగా వెనక ఏం పెడుతున్నామో దాన్ని బట్టి తేలుతుంది. తెల్లటి ఆకాశం ముందు తీసిన షాటును మళ్లీ తెల్లటి ఆకాశం ముందే పెడితే అంచు కాస్త అటూ ఇటూ అయినా ఎవరికీ పట్టదు. అదే షాటును చీకటి మండపంలో పెడితే జుట్టు చుట్టూ తెల్లటి జరీ కుట్టినట్టు కనబడుతుంది. అంటే మాస్కు బొమ్మలో దాగున్న నిజం కాదు, కంపోజిటింగ్ కోసం, అంటే బొమ్మలను ఒకటిగా అతకడం కోసం, మనం తీసుకునే నిర్ణయం. దీనికి కాలం కూడా తోడవుతుంది. ఒక్కో ఫ్రేము విడిగా చూస్తే బాగానే ఉన్న అంచు, ఆడించి చూస్తే సలసల మరుగుతున్నట్టు కదులుతుంది. మన కన్ను నిలకడగా ఉన్న తప్పును క్షమిస్తుంది గానీ కదిలే తప్పును క్షమించదు. కాబట్టి యంత్రం ఇచ్చిన మాస్కును ఆపి మాత్రమే చూసి ఓకే చెప్పకండి. ఆడించి చూడండి, తర్వాత దాని వెనక ఉండబోయే బొమ్మ పెట్టి చూడండి.

ఇదే వాదన ముఖం దగ్గరికి వస్తే ఇంకా పదునెక్కుతుంది, దానికి మంచి ఉదాహరణ మన ఊళ్లోనే పుట్టింది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు 2020లో వావ్‌టులిప్ అనే పద్ధతిని ప్రకటించారు. ఒక వీడియో, వేరే మాటల ధ్వని ఇస్తే ఆ ముఖం ఆ మాటలే పలుకుతున్నట్టు పెదవులను మార్చి చూపిస్తుంది. ప్రపంచమంతా వాడిన పని అది. డబ్బింగ్ సినిమాలు రోజూ చూసే మనకు దాని అవసరం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. తమిళ హీరో పెదవి మూసినప్పుడే తెలుగులో ప, బ, మ పడాలని మన డబ్బింగ్ రచయితలు మాటలు ఏరుకుంటూ వచ్చారు. ఇప్పుడు మాటకు తగ్గట్టు పెదవినే మార్చే అవకాశం వచ్చింది. కానీ ఆ పద్ధతి తయారుచేసే ముఖం 96 పిక్సెళ్ల చతురస్రం, శిక్షణ పొందింది బీబీసీ ఇంగ్లిష్ కార్యక్రమాల మీద. ఫోనులో చిన్న చతురస్రంలో అది అద్భుతం. థియేటర్లో క్లోజప్‌కు వెయ్యికి పైగా పిక్సెళ్లు కావాలి, ఆ తేడాలో పళ్లు, గడ్డం, పెదవి తడి అన్నీ కలగాపులగమవుతాయి. ఆ తర్వాత వచ్చిన పద్ధతులు ఇంకా నున్నగా చేస్తున్నాయి, నిజమే. అయినా ఏడుస్తూ మాట్లాడే నటి పెదవి మాటను పూర్తిగా పలకదు, వణికి ఆగిపోతుంది. ఆ ఆగడం నటన. ధ్వనికి సరిపోలేదని యంత్రం దాన్ని దిద్దితే సింక్ కుదురుతుంది, సన్నివేశం పోతుంది. అక్కడ ఎవరో ఒకరు ఆ తప్పును అలాగే ఉంచమని చెప్పాలి.

రంగుల సంగతీ అంతే. 1957 నాటి ‘మాయాబజార్’ను హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ రంగుల్లోకి మార్చి 2010లో విడుదల చేసింది. ఇవాళైతే అందులో చాలా భాగం యంత్రమే చేస్తుందని అనొచ్చు. కానీ నలుపు తెలుపు ఫిల్ములో శశిరేఖ చీర రంగు దాగి ఉండదు. ఒకే బూడిద ఛాయకు ఎరుపూ సరిపోతుంది, పచ్చా సరిపోతుంది. ఏది సబబో తేల్చాల్సింది ఆ కాలపు ఆహార్యం తెలిసినవాళ్లు. ఆ సినిమా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ నలుపు తెలుపులతో వెన్నెల పుట్టించినప్పుడు ఆయన కళంతా ఛాయల మధ్య తేడాలో ఉంది. దానిమీద రంగు పూస్తే వెన్నెల మిగలాలా, నీలం మిగలాలా? కొందరికి ఆ సినిమాకు రంగులద్దడమే నచ్చలేదు. వాళ్ల అభ్యంతరంలో న్యాయముందని నేనూ అనుకుంటాను. గీతలు, దుమ్ము, అదురు తీసేయడం వరకు యంత్రానికి హాయిగా వదిలేయొచ్చు, అక్కడ కూడా వానచుక్కను గీత అనుకుని చెరిపేయకుండా ఒక కన్నేసి ఉంచితే చాలు.

ఇక అభ్యంతరాలు. మొదటిది బలమైనదే: ఈ లోపాలన్నీ ఇవాళ్టివి, వచ్చే ఏడాది నమూనా వీటిని సరిదిద్దుతుంది, అప్పుడు మీ చూపుకు విలువేముంది? లోపాలు తగ్గుతాయన్న మాట ఒప్పుకోవాల్సిందే. రోటో కుర్చీల సంఖ్య తగ్గుతుందన్నదీ ఒప్పుకోవాల్సిందే. అది దాచి ధైర్యం చెప్పే పుస్తకం మోసం చేస్తున్నట్టు. కానీ మ్యాచ్‌మూవ్ చరిత్ర చూడండి. దాని లెక్కలు యంత్రం చేయడం మొదలుపెట్టి ఎన్నో ఏళ్లయింది, మ్యాచ్‌మూవ్ ఆర్టిస్టు మాయం కాలేదు. తేలికైన షాట్లు యంత్రానికి పోయి, పొగ కమ్మినవి, వర్షంలో తీసినవి, కెమెరా విపరీతంగా ఊగినవి మనిషి బల్ల మీదికి వచ్చాయి. తేలికైనవి చవకయ్యేసరికి దర్శకులు కష్టమైనవి ఎక్కువ అడగసాగారు. ‘మగధీర’ నుంచి ‘బాహుబలి’ మీదుగా ‘ఆర్ఆర్ఆర్’ దాకా జరిగిందదే. ఇంకో మాట: ఈ రంగంలో ఉద్యోగాలు పోయిన ప్రతిసారీ యంత్రాన్నే నిందించడం కుదరదు. హైదరాబాద్‌లోనూ శాఖ నడిపిన రిథమ్ అండ్ హ్యూస్ 2013 ఫిబ్రవరిలో దివాలా తీసింది. అదే నెలలో ఆ సంస్థ పనిచేసిన ‘లైఫ్ ఆఫ్ పై’కి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. అప్పటికి ఏ ఏఐ రోటో లేదు. ముందే ఒక ధరకు ఒప్పుకుని, మధ్యలో మార్పులు ఎన్నిసార్లు అడిగినా అదే ధరకు చేయాల్సి రావడం ఆ వ్యాపారాన్ని తినేసిన జబ్బుల్లో ఒకటి. కాబట్టి ఎన్నిసార్లు దిద్దితే ఎంత అన్నది ముందే కాగితం మీద పెట్టించుకోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. ‘సీజీలో చూసుకుందాం’ అని సెట్టులో తేలిగ్గా అనేసే మాట చివరికి ఎవరి రాత్రులు తింటుందో ఈ రంగంలో తెలియనివారు లేరు.

రెండో అభ్యంతరం టీవీ వాళ్లది. ఇరవై రెండు నిమిషాల సీరియల్ ఎపిసోడ్ సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 33 వేల ఫ్రేములు. అది రేపు ప్రసారం కావాలి. వంటగదిలో టీవీ ఆడుతుంటే జుట్టు అంచు ఎవరు చూస్తారు? ఇది సోమరి మాట కాదు, సరైన మాటే. టీవీలో యంత్రం పనిని సంకోచం లేకుండా వాడండి. వెనక గోడ మీది బ్రాండు పేరు మసక చేయడం, వచ్చిన ముఖాలను బట్టి రషెస్‌ను వర్గీకరించడం, అదిరిన షాటును నిలబెట్టడం వంటివాటికి మనిషి గంటలు పోయడం వృథా. అయితే చూపు అవసరం అక్కడా ఉంది, ఏ షాటును వదిలేయొచ్చో చెప్పడానికి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోనే 2020లో ఇంకో పని జరిగింది: రంగస్థల ప్రదర్శనను కదలని ఒక్క కెమెరాతో వెడల్పుగా తీసి, అందులోంచి క్లోజప్పులూ కట్‌లూ యంత్రమే తయారుచేయడం. దానికి దారి చూపిందేమిటో తెలుసా? ఆ వీడియోను చూస్తున్న మనుషుల కళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో నమోదు చేసిన సమాచారం. ఎక్కడ చూడాలో తెలుసుకోవడానికి యంత్రం మనిషి కంటినే అడిగింది. సీరియల్లోనూ ప్రేక్షకుల కళ్లు అత్తగారి ముఖం మీద ఉన్నప్పుడు కిటికీ అంచు ఎలా ఉన్నా నష్టం లేదు. ముఖం చుట్టూ అంచు మరిగితే వంటగదిలోంచి చూసినా తెలుస్తుంది.

మూడో అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రోటో, పెయింట్ విసుగు పుట్టించే పనులే గానీ, కొత్తవాళ్లకు చూడటం నేర్పిన బడి అదే. వేల ఫ్రేముల్లో భుజం గీత గీసినవాడికి భుజం ఎలా కదులుతుందో చేతికి తెలిసిపోతుంది. ఆ మెట్టు యంత్రానికి ఇచ్చేస్తే పై మెట్టు మీది మనిషి ఎక్కడి నుంచి వస్తాడు? స్టూడియోలు దీనికి ఏర్పాటు చేయాలి, అన్నీ చేస్తాయన్న నమ్మకం లేదు. అందుకని సాధన మీ చేతుల్లోకి తీసుకోండి. సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడి ఫోనుతో సెకనుకు 24 ఫ్రేముల చొప్పున పది సెకన్లు తీయండి. బండి మీద వెళ్తున్నవాళ్ల చున్నీ ఎగరాలి, వెనక మెట్రో స్తంభాలు, హెడ్‌లైట్లు ఉండాలి. మీకు తెలిసిన స్నేహితురాలినే బండి నడపమని అడగండి, దారిన పోయేవాళ్ల ముఖాలు వాడకండి. ఆ షాటులో రెండు సెకన్లు, 48 ఫ్రేములు, చేత్తో రోటో చేయండి. అదే షాటును యంత్రానికీ ఇవ్వండి. రెండు మాస్కులనూ ఒకదానిలోంచి ఒకటి తీసేసి తేడాను మాత్రం తెరమీద తెల్లగా చూడండి. తెల్లమచ్చలున్న చోట ఆగి, ఎవరు తప్పారో, ఎందుకు తప్పారో ఒక వాక్యం రాసుకోండి: చున్నీ పలచనై వెనకది కనబడింది, హెడ్‌లైటు వెలుగు భుజాన్ని మింగేసింది, ఫోను సెన్సర్ వరస తర్వాత వరసగా చదవడం వల్ల స్తంభం ఒరిగింది. కొన్నిచోట్ల యంత్రమే రైటు, మీరు తప్పు. అవీ రాసుకోండి. తర్వాత వెనక పగటి ఆకాశం ఒకసారి, రాత్రి వీధి ఒకసారి పెట్టి, అదే మచ్చ ఒకదాంట్లో మాయమై ఇంకోదాంట్లో ఎలా బయటపడుతుందో చూడండి. వారానికి ఒక షాటు చాలు. చెయ్యి వేగం పెంచుకోవడం ఇక్కడ లక్ష్యం కాదు, తప్పు ఎక్కడ పడుతుందో ముందే ఊహించగలగడం. దానికి కెమెరా, వెలుగు, లెన్సు తెలియాలి. ఆ మూడూ ఏ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తోనూ పాతబడవు.

ఈ సాధనకు మీ సొంత షాట్లే వాడమనడానికి ఇంకో కారణమూ ఉంది. విడుదల కాని సినిమా ఫుటేజీని తేలిగ్గా అవుతుంది కదా అని ఏదో వెబ్‌సైటులోకి ఎక్కిస్తే అది ఎవరి సర్వర్లలో ఉంటుందో మీ చేతిలో ఉండదు. రహస్యంగా ఉంచుతామని సంతకం పెట్టిన పని అలా బయటికి పోతే ఉద్యోగంతో పోదు, కోర్టు దాకా వెళ్తుంది. ముఖాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. తన పేరు, రూపం అనుమతి లేకుండా ఏఐతో వాడుకోవద్దని నటుడు నాగార్జున 2025లో ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. మిమ్మల్ని ఎవరైనా ఒక నటుడి వయసు తగ్గించమనో పెదవులు మార్చమనో అడిగితే, ఆయన ఒప్పుకున్నట్టు కాగితం ఉందా అని అడగడం అమర్యాద కాదు.

చివరగా షోరీల్, అంటే ఉద్యోగం కోసం చూపించే మీ పని వీడియో. ఇప్పటివరకు ‘ముందు’, ‘తర్వాత’ పక్కపక్కన పెట్టి చూపిస్తే సరిపోయేది. ఇప్పుడు ఆ ‘తర్వాత’ను ఎవరైనా ఒక్క క్లిక్‌తో తెచ్చారేమోనని ఇంటర్వ్యూ చేసేవాళ్లకు సందేహం రావడం సహజం. కాబట్టి మధ్యలో ఇంకో రెండు ఉంచండి: యంత్రం ఇచ్చినది, దాంట్లో మీరు మార్చింది. ప్రతి షాటుకు ఎక్కడ చెయ్యి పెట్టారో, ఎందుకు పెట్టారో కింద ఒక్క లైనులో రాయండి. ఎక్కడ చెయ్యి పెట్టకుండా వదిలేశారో కూడా ఒకటి రెండు చోట్ల చెప్పండి. వెనక చీకటి కాబట్టి ఈ అంచును దిద్దలేదని రాసిన లైను, దిద్దిన పది అంచులకన్నా ఎక్కువసేపు ఇంటర్వ్యూలో చర్చకు రావచ్చు. నిడివి రెండు నిమిషాలు దాటనివ్వకండి, బాగా వచ్చిన షాటును మొదట్లోనే పెట్టండి, ఫైలు పేరులో మీ పేరుతో పాటు ఏ పనికి దరఖాస్తు చేస్తున్నారో కూడా ఉండాలి.